అక్షరం పెంచండి

లోవెల్‌లో, మెరిమాక్ నది ఒడ్డున,
ఒకప్పటి బట్టల మిల్లులో ఉండేది మా పత్రిక.
మూడో అంతస్తు చెక్కనేలకి ఇంకా మగ్గాల నూనె వాసన.
నెలకో కంపెనీ కంప్యూటరు పంపేది,
కొమ్ములకు రంగేసి సంతకు తోలిన ఎద్దులా.

నేను ప్రూఫులు దిద్దేవాణ్ణి.
కామా ఎక్కడ, చుక్క ఎక్కడ, అంతవరకే నా సత్యం.
అంకెలన్నీ ఓడీల్ తీబోవి.
ఆమె అమ్మమ్మ ఇదే గదిలో నేసేదట.
గజం బద్దకు అంగుళం అతికించిన మేస్త్రీ సంగతి
ఓడీల్ కాఫీ తాగుతూ చెప్పేది,
ఆ అంగుళం తనకే బాకీ ఉన్నట్టు.

ఆ ఏప్రిల్లో వచ్చిన యంత్రం పేరు చెప్పను.
సెకనుకు నలభై లక్షల లెక్కలట!
ప్రకటనలో మాటలు కోటలు దాటాయి.
ఓడీల్ ఒకే కూడికను కోటిసార్లు చెయ్యమంది.
రెప్ప వాల్చేలోగా జవాబు.
ఆమె నవ్వలేదు. లోపలికి తొంగి చూసింది.
ఈ కూడికతో ఎవరికీ పని లేదని పసిగట్టి
కంపైలరు ఆ కోటి చుట్లనూ తీసి పారేసింది.
"ఏమీ చెయ్యకపోవడంలో దీన్ని మించింది లేదు," అంది.
నేను ఆ వాక్యంలో ఒక్క కామా కూడా ముట్టుకోలేదు.
అయినా అచ్చులోకి రాలేదు.
ఎదుటి పేజీ ఆ కంపెనీదే, నాలుగు రంగుల్లో.

ఎడిటర్ ప్రెస్కాట్ మంచివాడే.
"అబద్ధం రాయమనను," అన్నాడు,
"పట్టికలో వరస మార్చు, చాలు."

ఆ వారమే గ్లాస్టర్ రేవు నుంచి ఉత్తరం.
చేపల సహకార సంఘం, గుమాస్తా దుల్సే సిల్వీరా.
"పోయినేడు మీ పట్టిక చూసి కొన్నాం.
నలభై నిమిషాల పనన్నారు.
శుక్రవారం జీతాలు తేలేసరికి రేవు చీకటిపడుతోంది.
పడవలవాళ్ళు మెట్లమీద కూర్చుంటున్నారు.
తప్పు నాదైతే చెప్పండి, దిద్దుకుంటాను."

కారు నాది. ఓడీల్ ఒళ్ళో
గుడ్లు ఉడికించే వంటింటి గడియారం.
దారంతా దాని టిక్కుటిక్కు తప్ప మాటల్లేవు.

జీతాల పని మొదలుపెట్టాం.
దుల్సే మాకు ఉప్పుచేప, రొట్టె పెట్టింది.
గుడ్ల గడియారం గణగణ మోగింది.
మళ్ళీ తిప్పాం. మళ్ళీ మోగింది.
నాలుగోసారికి దుల్సే కూడా లెక్కపెట్టడం మొదలుపెట్టింది.
చివరికి తెరమీద: నలభై ఒక్క నిమిషాలు.
గోడమీద: నాలుగు గంటల పది.

డిస్కు రాస్తున్నంతసేపూ
యంత్రంలోని గడియారం ఆగిపోతోంది.
ముద్దాయి చేతికే గడియారమిచ్చి
ఏడాదిపాటు సాక్ష్యం రాసుకున్నాం మేము.

కింద షెడ్డులో చేపలు తూస్తున్నారు.
కాటా మెడలో సీసపు ముద్ర, దానిమీద తేదీ.
"ఏటా మనిషొచ్చి చూసిపోతాడు," అంది దుల్సే.
"మీ అంకెలకు ముద్ర ఎవరు వేస్తారు?"
నిష్ఠూరం కాదు. నిజంగానే తెలుసుకుందామని.
ఓడీల్ కిటికీలోంచి నీళ్ళకేసి చూసింది.
ఆటు వచ్చి పడవలన్నీ గోడకంటే కిందికి దిగి ఉన్నాయి.

సవరణ జులై సంచికలో.
నూట పన్నెండో పేజీ, ప్రింటరు రిబ్బన్ల ప్రకటన కింద
చీమతలకాయంత అక్షరాల్లో.
అంకెలైతే కన్ను జారిపోతుందని
నేనే మాటల్లోకి మార్చాను: నాలుగు గంటల పది నిమిషాలు.
పక్కన మార్జిన్‌లో, కంపోజింగువాళ్ళకు
ఎర్ర సిరాతో ఒక మాట రాశాను.

వాళ్ళు దాన్నీ కూర్చేశారు.
"ఆ పని పట్టే సమయం
నాలుగు గంటల పది నిమిషాలు. అక్షరం పెంచండి."
అంతా అదే సైజులో.

ప్రెస్కాట్ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.
ఓడీల్ మాత్రం ఆ ముక్క కత్తిరించి
గుడ్ల గడియారం వెనక అంటించింది.
చదవాలంటే దీపం దగ్గరికి తీసుకెళ్ళాలి.