ముప్పై వేల కోట్లు

తెనాలిలో రైలు మారేటప్పుడు
ఐసు పెట్టె చూసి అడిగిందొకామె:
"రొయ్యలా, పీతలా?"
ఇసుకండీ, అన్నాను.
కాసేపు నా మొహంకేసి చూసి
తన సంచీ దగ్గరికి లాక్కుంది.

సూర్యలంక దాటాక, సరుగుడు తోట వెనక,
ఎవరి ఫోటోల్లోకీ రాని దిబ్బ మీద
రావణాసురుడి మీసాల వేళ్ల పక్కన తవ్వాను.
జానెడు లోతు.
చెంచాని ముందు స్పిరిట్‌లో ముంచి, మంటలో కాల్చి.
పైన అరికాలు బొబ్బలెక్కే ఎండ.
లోపల, చల్లగా కాదు గానీ,
పొయ్యి ఆర్పేసిన గదిలో గోడకుండే వెచ్చదనం.

గుంటూరులో మా ల్యాబు మేడ మీద రెండు గదులు.
మిర్చి యార్డు గాలి ఇటు తిరిగిన రోజు
తుమ్ములాగవు.
మాస్కులో తుమ్ముకుంటూనే
ఒక గ్రాము ఇసుక తొమ్మిది మిల్లీల నీళ్లలో,
అందులోంచి ఒకటి మళ్లీ తొమ్మిదిలో,
అలా ఆరుసార్లు.
మా వీధి పాలాయన కూడా అంత పలచన చెయ్యడు.

మూడో రోజుకి పళ్లేల్లో లేచాయి.
నిమ్మతొక్క రంగువి, సుద్దముక్క పొడిలాంటివి,
మూత తీస్తే తొలివాన వాసనేసేవి,
ఒకటి మాత్రం అంచులు చిట్లిన పగడం.
కొన్నింటిని సూదితో ఎత్తితే
బెండకాయ జిగురులా దారం సాగుతుంది.
ఆ జిగురే అక్కడ రేణువుకీ రేణువుకీ మధ్య.
దిబ్బని పట్టుకున్నది వేరనుకున్నాను ఇన్నాళ్లూ.
వేరుని పట్టుకున్నవాళ్లు వేరే ఉన్నారు.

మే నెలలో కరెంటు పోయి ఇంక్యుబేటర్ ఆగింది.
మేడం కంగారు పడింది.
తలుపు తీసి చూస్తే లోపలికన్నా బయటే వేడి.
ఈ ఊరికి మళ్లీ ఓ పెట్టె కూడానా!

నాన్నకి ఇవన్నీ చెప్పాలి.
చెప్పకుండా రెండేళ్లున్నాను.
మా నాన్న యేసోబు పందొమ్మిదేళ్లు ట్రాక్టరు నడిపాడు,
రాత్రిపూట, లైట్లార్పి,
ఆ దిబ్బ దగ్గరికే.
ఉప్పిసుక, గోడకి పనికిరాదు,
మెరక పొయ్యడానికి కొనేవాళ్లు.
నా డిగ్రీ ఫీజు అదే, అమ్మ కళ్లజోడూ అదే,
మా పెరట్లో మడుగు పూడ్చిందీ అదే.

ఒక రాత్రి పళ్లేలు లెక్కపెడుతూ
నోట్‌బుక్ చివరి పేజీలో వేశాను:
గ్రాముకి లక్ష.
ట్రక్కుకి మూడు టన్నులు.
ముప్పై వేల కోట్లు.
దాని కింద, రాత్రికి నాలుగు ట్రక్కులు, అని రాసి
పెన్నుకి మూత పెట్టేశాను.

ఆదివారం ప్రార్థన నుంచి వచ్చాక చెప్పాను.
మంచం పట్టె మీద కూర్చుని విన్నాడు.
చేతిలో బీడీ వెలిగించలేదు.
"అన్ని ఉన్నాయా?"
కాసేపాగి,
"మరి వాటి సర్వే నంబరు ఎవరి పేరు మీదుందంట?"
నేను నవ్వుతాననుకున్నాడు.
మళ్లీ ఆయనే,
"ట్రక్కులో, ఆ కుదుపులో, ఎండలో... బతుకుతాయా?"

కొన్ని చచ్చిపోతాయి, అన్నాను.
కొన్ని గట్టి పెంకు కట్టుకుని పడుకుంటాయి.
ఏళ్లయినా సరే, తడి తగిలితే లేస్తాయి.

లేచి పెరట్లోకి వెళ్లాడు.
తొట్టిలోంచి చెంబుడు నీళ్లు తీసుకుని
ఏ చెట్టూ లేని మూలన,
మెరక పోసిన చోట,
నెమ్మదిగా పోశాడు.
చెంబు బోర్లించి వచ్చి, అన్నం పెట్టమన్నాడు.

సోమవారం పొద్దున పాత పళ్లేలన్నీ
ఆటోక్లేవ్‌లో సర్దడం నా పని.
నూట ఇరవై ఒక్క డిగ్రీలు, పావుగంట.
దించేటప్పుడు ఆవిరి
అచ్చం కుక్కరులాగే అరుస్తుంది.
ఎన్ని పళ్లేలో రిజిస్టర్‌లో రాయాలి.
పళ్లేల వరకే రాస్తాను.