రుచి లేని నీళ్లు

పేరు ఎండిన వంతెన గానీ
త్బిలిసిలో ఆ శనివారం ఒకటే తుంపర.
పిట్టగోడ పొడవునా దుప్పట్లు పరిచి
పతకాలు, చెంచాలు, లెన్సు ఊడిన కెమెరాలు.
అన్నిటికన్నా చివర, ఆకుపచ్చ జిగులీ డిక్కీ తెరిచి
ముసలి వాజా.
పాత రష్యన్ పత్రికల్లో చుట్టిన గాజు.

కండెన్సర్ ఉందా అన్నాను.
ఉల్లిపొరలు ఒలిచినట్టు కాగితం విప్పాడు.
"మా ఆవిడది. తేయాకు ల్యాబులో ముప్పై ఏళ్లు.
మూసేసిన రోజు జీతం లేదన్నారు,
ఇవి పట్టుకుపొమ్మన్నారు."

ఫ్లాస్కుని ఆకాశానికి పట్టి చూశాను,
అడుగున నక్షత్రంలా చిట్లిందేమోనని.
గోటితో మీటాను.
పగులున్న గాజు దగ్గుతుంది.
ఇది పలికింది.

కానీ ఫ్లాస్కు మూతి ఇరవై తొమ్మిది,
కండెన్సర్ మెడ పద్నాలుగు.
"ఈ సంబంధం కుదరదు తాతా."
డిక్కీ అడుగంతా గాలించి
బొటనవేలంత అడాప్టర్ తీశాడు, పెళ్లిళ్ల పేరయ్యని.
నలభై లరీలన్నాడు, ముప్పై అన్నాను,
ముప్పై అయిదుకి తెగింది.
కొసరుగా, బిరడా ఇరుక్కుపోయిన ఓ సీసా:
"వేడినీళ్లలో ముంచు. దాంతో పోట్లాడకు."
థర్మామీటర్ మాత్రం అమ్మనన్నాడు.
కోటు జేబులో, పెన్ను ఉండాల్సిన చోట
అది అలాగే ఉంది.

వ్యానులో ఒళ్లో పెట్టుకు కూర్చుంటే
పక్కావిడ సంచీలోకి తొంగి చూసి కన్ను గీటింది:
"చాచా కాస్తావా, అమ్మాయ్?"
ఈ ఊళ్లో గాజు గొట్టం కనబడితే
ద్రాక్షపిప్పి తప్ప మరేదీ తోచదు ఎవరికీ.
మందుల షాపులో రాత్రి డ్యూటీ దాన్నని,
బళ్లో ఈ సామానంతా బీరువా అద్దం వెనకే ఉండేదని,
తాళంచెవి ఎప్పుడూ ఇంకెవరి దగ్గరో ఉండేదని
ఆవిడకేం చెప్పను.

ఐదో అంతస్తు. నాణెం వేస్తేగానీ ఎక్కని లిఫ్టు.
స్టాండు లేదు.
నాన్న ఫోటోలు తీసిన రోజుల ఎన్‌లార్జర్ తల విప్పేసి
ఆ కడ్డీకే కండెన్సర్ బిగించాను,
మరీ గట్టిగా కాదు, గాజుకీ కాస్త ఒళ్లు విరుచుకునే చోటుండాలి.
చేపల తొట్టి పంపు, బకెట్లో మంచుముక్కలు.
నీళ్లు కింద నుంచి ఎక్కి పైనుంచి పోవాలి.
నేను తిరగేసి పెట్టాను.
గొట్టం సగమే నిండి, గుటకలు వేసి, నా వంక చూసింది.
మళ్లీ విప్పాను.

అతుకులకి గోరంత గ్రీజు.
తిప్పగా తిప్పగా గరుకు గాజు తెల్లదనం
మంచులా విడిపోయి
ఎక్కడ ఏది మొదలైందో తెలియకుండా పోయింది.
ఒక్కదాన్నే చప్పట్లు కొట్టాను, చెప్పుకోకూడదు గానీ.
అప్పుడు కనబడింది, కండెన్సర్ మెడ దగ్గర
ములుకుతో గీసిన గీతలు:
న. ఏడు.

కుళాయి నీళ్లలో ఆరు చుక్కల నీలి సిరా,
ఉలిక్కిపడి పొంగకుండా
పగిలిన ద్రాక్షసారా జాడీ పెంకులు రెండు.
ఆవిరి మెడదాకా వచ్చింది, వెనక్కి జారింది.
మళ్లీ వచ్చింది, మళ్లీ జారింది.
మూడోసారి మలుపు దాటింది.
బొట్టు.
నీలమంతా వెనకే.

గోడవతల గులీకో పెద్దమ్మ
టప్ టప్ చప్పుడు పట్టుకుని వచ్చేసింది
చిన్న గ్లాసుతో, దోసకాయ ఊరగాయతో.
పోశాను. గుటుక్కున మింగి
చాలాసేపు పైకప్పు చూసింది.
"ఏ రుచీ లేదేమే?"
"అదే పెద్దమ్మా, అందుకే ఇదంతా."
తన ఊరగాయ తానే తినేసి వెళ్లింది.

మరుసటి శనివారం
వంద మిల్లీలీటర్లు మందు సీసాలో పోసుకెళ్లాను,
ఊరికే, చూపిద్దామని.
వాజా వెలుగుకి పట్టి చూడలేదు, వాసన చూడలేదు.
బానెట్ ఎత్తాడు.
"నతేలా నెలకో సీసా తెచ్చేది.
బ్యాటరీకి ఇంకేవీ పోయనిచ్చేది కాదు."
గదుల మూతలు ఒక్కొక్కటే విప్పి
అగ్గిపుల్లతో లోతు చూసుకుంటూ పోశాడు.
రెండు నిండేసరికి సీసా ఖాళీ.

ఆ కారు అక్కణ్ణించి కదిలి మూడేళ్లయింది.
మూతలు బిగిస్తూ,
పాత బాకీ గుర్తుచేసేవాడిలా అన్నాడు:
"ఇంకా నాలుగున్నాయి."