పదకొండు పెట్టెలు

పంతొమ్మిదేండ్లు
మా పక్క పొద్దు గూకింది నా చేతుల మీదనే.
నవ్వబాకండి.
బైరాగిపట్టెడ నుంచి కొర్లగుంట దాకా
పదకొండు స్విచ్చి పెట్టెలు, ఒక తాళాల గుత్తి,
పాత టీవీఎస్ మోపెడ్డు.
మొదటి పెట్టెకూ ఆఖరి పెట్టెకూ నడుమ
ఇరవై నాలుగు నిమిషాలు.
అంటే ఒకే సాయంత్రం
ఒక వీధికి ముందూ ఒక వీధికి వెనకా వచ్చేది.
అందుకే ఒకనాడు ఈ కొస నుంచి
మరునాడు ఆ కొస నుంచి.
చీకటి పంచేదాంట్లో గూడా వంతు తప్పకూడదురా అనేవాడు
మా మేస్త్రీ చెంగల్రాయులు.

పొడుగు చిట్టా ఒకటి పెట్టుకున్నా.
రోజుకు రెండే అంకెలు: వేసింది, ఆర్పింది.
జూన్ మొదట్లో ఐదూ నలభై మూడుకే
కరకంబాడి దిక్కు ఎర్రబారేది.
జనవరి కడాన ఆరూ నలభై అయినా
తిరుచానూరు తోటల వెనక
దుప్పటి తీయని పిల్లోడి మాదిరి సతాయించేది.
ఏడాదంతా ఈదితే ఇటూ అటూ
ఒక్క గంట తేడా.
ఆ గంటలోనే నా ఉద్యోగమంతా.

పుష్యమాసంలో పూస గుచ్చే పొద్దుండదని మా అవ్వ మాట.
అవ్వను కాదనను.
నా చిట్టా మాత్రం ఇంకోటి చెప్తాది:
మాపటిపూట అన్నిటికన్నా కురచయ్యేది
కార్తీకంలోనే, నవంబరు ఇరవై దాపున.
ఆ తర్వాత ఎవురూ చూడకుండా
సాయంత్రానికి రోజుకో చిటికెడు తిరిగిస్తా
పొద్దున మాత్రం ఇంకా గుంజుకుంటానే ఉంటాది
రెండు నెలలు.
ఒక చేత్తో అప్పు తీరుస్తా
ఇంకో చేత్తో అప్పు చేసే
మా వీధి దొరసామి మాదిరి.

ఎండాకాలం కొండ ఊరుకోదు.
పంచాంగం పొద్దుందంటాది,
కొండ ముందే మింగేస్తాది.
నీడ కపిలతీర్థం దాటి
ఒక్కో మిద్దే ఎక్కి దిగి
ఆరేసిన చీరల మీదికొస్తాది.
పైన ఆకాశం మాత్రం తెల్లగానే,
విరిగిన పాల మీద తేరిన నీళ్ళలాగా.
అట్లాంటప్పుడు గడియారం పనికిరాదు.
బస్టాండు కాడ తీగల మీది గోరింకలు
ఒకదాన్నొకటి తిట్టుకోవడం ఆపినాయా,
స్విచ్చి వేసేయొచ్చు.

పోయినేడు టైమర్లు పెట్టినారు.
బూడిదరంగు డబ్బా, అరచేయంత.
ఆరున్నరకు వెలుగు, ఆరుకు ఆరు.
మే అయినా, మార్గశిరమైనా.
'ఒక్క గంటకేముందిలే అన్నా' అన్నాడు ఇంజినీరు.
పిల్లోడు మంచోడే.
నాకు టీ కూడా ఇప్పించినాడు.
నన్ను నీళ్ళట్యాంకు కాడికి మార్చినారు.

జులైలో లైట్లు ఎండలో వెలుగుతాండాయి,
పిలవని పెండ్లికి ముందుగా వచ్చి కూర్చున్నోళ్ళ మాదిరి.
నవంబరులో కొర్లగుంట మూలన కుప్పమ్మ
సెల్లు నోట కరుచుకుని
ఆ వెలుతుర్లో కనకాంబరాలు మూర వేస్తాంది.
చీకట్లో కనకాంబరమూ మరువమూ ఒకటే నలుపు.
నన్ను చూసి కేకేస్తాది:
'ఏమబ్బా, గూకి ఎంతసేపైంది,
లైటు వెయ్యకుండా యాడ తిరుగుతాండావు?'
ఇంకా నేనే అనుకుంటాంది.
నేనూ చెప్పలేదు.
'వస్తాండా, వస్తాండా' అని మోపెడ్డు తిప్పేస్తా.

ఏడో పెట్టె తాళంచెవి నేను వాపసియ్యలా.
తాళమే మార్చేసినారు,
అది ఇప్పుడు దేనికీ పట్టదు.
జేబులో చిల్లరతో కలిసి మోగతాంటాది.

నిన్న ట్యాంకు మీదికెక్కినా, నీళ్ళు చూసే పని మీదనే.
చంద్రగిరి అవతల
కొత్త చింతపండు రంగులో పొద్దు
ఆగినట్టే ఆగి, జారిపోయింది.
కింద ఊరంతా లైట్లు లేకుండా
తన మొహం తాను తడుముకుంటాంది.
చిట్టా తీసి రాసినా:
ఐదూ నలభై ఒకటి.
పక్క గడి
పొద్దున రాయాల.