పన్ను బాగానే ఉంది

పెరంబూరులో చెప్పుల కొట్టు పైన
మా పళ్ళాసుపత్రి.
పద్దెనిమిది మెట్లు.
మునిరత్నమ్మ మూడుసార్లు కూర్చుని ఎక్కింది.
చీటీ రాస్తూ లెక్కపెట్టానే గాని
లెక్కలోకి తీసుకోలేదు నేను.

"పీకేయండి తల్లీ, పీడా పోతుంది"
కింది దవడ పట్టుకుని అంది.
యాళిని డాక్టరు అద్దం పిడితో
ఒక్కో పన్నునీ తట్టింది,
సంతలో కుండని తట్టి చూసుకున్నట్టు.
ఎక్కడా బీట లేదు.
ఎక్స్‌రేలో వేళ్ళు తెల్లగా, గట్టిగా.
"పన్ను బాగానే ఉందమ్మా. ఇంకెక్కడైనా నొప్పా?"

నొప్పులకేం కరువు!
జబ్బల మధ్య పట్టేసింది, సిలిండరు ఎత్తాను కదా.
వికారం, నిన్నటి పెరుగు.
మూడు వారాలుగా నిద్ర లేదు,
మెస్సు కుర్రాళ్ళ టీవీ.
ఏసీ కింద రవికె తడిసి వీపుకి అంటుకుంటుంటే
ముట్లు ఆగే వయసు, మా అక్కకీ ఇంతే అంది.
ప్రతి నొప్పికీ ఒక విలాసం రాసిపెట్టుకుంది.
ఒక్క ఉత్తరమూ గుండెకి చేరనివ్వలేదు.

"ఛాతీలో?"
"నొప్పా? అబ్బే.
నానిన బియ్యం మూట పెట్టినట్టు
బరువు, అంతే."

డాక్టరు గ్లౌజులు తీసేసింది.
నా వైపు చూడకుండానే
"నూట ఎనిమిదికి ఫోన్ చెయ్" అంది.
ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.
మాత్ర ఒకటి తెచ్చి నమలమంది,
మింగొద్దు, నమలండి.
పీకించుకుందామని వచ్చిన పన్నుతోనే
కరకర నమిలింది మునిరత్నమ్మ.

కుర్చీతో సహా దించుతున్నప్పుడు కూడా
"స్టవ్ మీద పప్పుంది, ఇరవై రెండు క్యారేజీలు..."
నేను పరుగెత్తి ఆపాను.
అడుగంటింది, కానీ పైది బాగానే ఉంది.

నాలుగు నెలలకి మళ్ళీ వచ్చింది.
సన్నబడింది, గాజులు మోచేతిదాకా జారుతున్నాయి.
"పీకని పన్నుకి ఫీజు"
మూడొందలు బల్ల మీద పెట్టింది.
డాక్టరు తీసుకోలేదు, ఆమె వెనక్కి పెట్టుకోలేదు.
ఆ నోట్లు ఇంకా నా సొరుగులోనే ఉన్నాయి.

ఇప్పుడు దవడ పట్టుకుని ఏ ఆడమనిషి వచ్చినా
పేరూ వయసూ రాసుకున్నాక
చీటీలో గడి లేని ప్రశ్న ఒకటి అడుగుతాను:
మెట్ల మీద ఎన్నిసార్లు ఆగావక్కా?

నవ్వుతారు చాలామంది.
నిన్న ఒకామె నవ్వలేదు.