టిక్

మొన్న తెల్లారగట్ల వారధి మీద
హారన్ కొట్టినప్పుడల్లా హెడ్‌లైట్లు కుంగిపోయాయి.
కామెర్లొచ్చిన కళ్లలా పసుపెక్కి
నేలచూపులు చూశాయి.
వెనక నాలుగు గుండిగలు, రెండు గ్యాసు పొయ్యిలు,
మిగిలిన గుత్తొంకాయ, గరిటెల సంచి మీద తలపెట్టి ప్రసన్న.
ముందు, రేకుల లోడుతో రిక్షా తొక్కుతున్న ఒక వీపు.
ఆఖరి పది గజాల్లో గానీ కనబడలేదు.
బ్రేకు వేస్తే గుండిగలన్నీ నన్ను తిట్టాయి.
అతను వెనక్కి తిరిగి చూళ్లేదు.
చూళ్లేదన్న సంగతే
ఇంటికెళ్లాక నన్ను పడుకోనివ్వలేదు.

ఆటోనగర్లో నాగుల్ మీరా షాపంటే
చిరుగుల టార్పాలిన్, ఒక బెంచీ,
మేకులకి వేలాడే వైర్ల చుట్టలు.
బ్యాటరీ దగ్గర మీటరు పెట్టాడు: పన్నెండున్నర.
బల్బు దగ్గర పెట్టాడు: తొమ్మిదీ చిల్లర.
"మూడు వోల్టులు దార్లో ఎవరో తినేస్తన్నారు మేస్త్రీ."
పెళ్లివారి నెయ్యి లెక్క నన్నడిగినట్టే ఉంది.

స్టీరింగు కింద దూరి స్విచ్చి ఊడదీసి
నా అరచేతిలో పెట్టాడు.
అంచులు మాడిన అప్పడం.
"రెండు లైట్ల కరెంటూ దీని గుండానే పోతంది.
వేలెడు లేదు, ఎంతని మోస్తది?
దీని పని మాట చెప్పటం.
మోయటానికి ఇంకోణ్ణి పెడదాం."

అగ్గిపెట్టెకన్నా చిన్న నల్ల డబ్బా,
నాలుగు కాళ్లు, కాలికో అంకె.
ముప్ఫైకి బ్యాటరీ నుంచి లావుపాటి ఎర్ర వైరు,
జానెడు దూరంలోనే ఫ్యూజు,
"కాపలావాడు గుమ్మంలోనే ఉండాలి గదా."
ఎనభై ఏడు లైట్లకి.
ఎనభై ఐదు బాడీకి, రంగు గీకి గీకి
ఇనుము తెల్లగా నవ్వేదాకా.
ఎనభై ఆరుకి, కొత్త స్విచ్చి నుంచి
పాత సన్నవైరు ఒక్కటే.
పళ్లతో తొడుగు లాగి రాగిపోగులు మెలేస్తుంటే అడిగాను:
మధ్యలో అంకెలన్నీ ఏమయ్యాయి?
"నాకూ తెలీదు, నాకు నేర్పినాయనకీ తెలీదు.
తప్పు కాలికి తగిలిస్తే మాత్రం ఊరుకోదు."

నొక్కమన్నాడు.
బానెట్ కింద ఎక్కడో టిక్.
పోపులో మొదటి ఆవగింజంత.
ఎదురు షాపు షట్టరు మీద
వెలిసిపోయిన 'క్లచ్ ప్లేట్లు'
పట్టపగలే ఇంకోసారి తెల్లారినట్టు మెరిసింది.
ఐదొందల యాభై అన్నాడు.
తగ్గించమని అడగలేదు నేను.
నాకే కొత్తగా ఉంది.

ఆ రాత్రి మంగళగిరిలో ఆరొందల విస్తళ్లు.
పందొమ్మిదేళ్లుగా ప్రతి గుండిగలో ఉప్పు నా చేత్తోనే పడాలి,
ప్రతి పొయ్యి సెగా నా మొహానికే తగలాలి.
కుడి మణికట్టు రెండేళ్లుగా గరిటె పట్టనంటోంది.
ప్రసన్న ఆరేళ్లుగా పక్కనే నిలబడి
పప్పు మెదుపుతోంది.

"సాంబారు నీది," అన్నాను.
"ఉప్పు?"
"ఉప్పు కూడా."
నమ్మలేదు. నా మొహంలోకి చూసి,
పొయ్యిలోకి చూసి, కొంగు బిగించింది.
నా చెయ్యి దానంతటదే రెండుసార్లు
ఉప్పు డబ్బా వైపు పోయింది.
తీసుకెళ్లి జేబులో పెట్టుకుంటే
మాడిన స్విచ్చి తగిలింది.

ఉప్పు పిసరు తక్కువైన మాట నిజం.
మూడో బంతిలో ఒక్కాయన పట్టుకున్నాడు,
అదీ పెళ్లికొడుకు మేనమామ గనక.
ప్రసన్న అప్పటికే నాలుగో బంతికి సరిచేసేసింది.
నేను చెప్పలేదు.

తిరుగుదారిలో వారధి మీద
వెలుతురు ఆ చివరిదాకా చాప పరిచింది.
ప్రసన్న ఇవాళ నిద్రపోలేదు,
ముందు సీట్లో కూర్చుని బెల్లం, చింతపండు లెక్కలు చెబుతోంది.
రిక్షా కోసం వెతికాను. లేదు.
వంద గజాల అవతలే ఒక సైకిలు,
క్యారేజీ, లుంగీ, చక్రంలో ఊచలతో సహా.
అతను వెనక్కి తిరిగి
కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని
మా వంశాన్నంతా తలుచుకున్నాడు.

డిమ్ చేశాను.
టిక్.