తాళంచెవి ఇచ్చేముందు

ఆగు తల్లీ, కారు తలుపు తీయకు, ముందు ఈ గాలి పోనీ.
ఆ లేచింది దుమ్మే, పొగ కాదు.
నా పేరు బెర్నీస్. పోస్టాఫీసు నాదే,
ఈ వీధిలో నాలుగిళ్ళ తాళాలూ నా దగ్గరే.
నీళ్ళు నమలకుండా చెప్పేస్తాను,
నమలడానికైనా ఇక్కడ అవి కొలిచే దొరుకుతాయి.

ఊరిపేరు కాల్డర్ వెల్స్.
బావులు పేరులోనే ఉన్నాయి.
ఉన్న ఒక్క బోరులోనూ విషం పాలు ఎక్కువని
కౌంటీ వాళ్ళు కాగితం అంటించి పోయారు,
ఆ కాగితమూ ఎండకి తెల్లబడిపోయింది.
మంగళవారం మంగళవారం లూపే ఆర్మెంటా ట్యాంకరు తెస్తుంది.
ఆమె నడుం పట్టేస్తే బుధవారం.
అప్పుడు గిన్నెలు కడగం,
కాగితం పళ్ళాల్లో తింటాం, ఎవరూ ఏమీ అనుకోరు.

ఇల్లు చవకని వచ్చారు. చవకే.
పాత కారు ధరకి మూడు గదులు, కప్పు మీద కూలరు.
వెనక కనిపించేది దారి కాదు, వాగు.
అందులో బండి పెట్టకండి.
హోమర్ స్ట్రాడ్లీ ట్రక్కు పెట్టాడు,
ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది ఆరోజు,
అరవై మైళ్ళ అవతల ఏ కొండమీదో వాన,
ఇక్కడ ఒక్క చుక్క లేదు.
సాయంత్రానికి ట్రక్కు రోడ్డు దాటి ముళ్ళకంపల్లో బోర్లా.
అతను ఇప్పటికీ దాని రేడియో వెతుకుతున్నాడు.

జూలైలో స్టీరింగుకి తడిగుడ్డ చుట్టాలి.
బూటు తొడిగేముందు రెండుసార్లు దులపాలి.
తేలు నీ మీద పగతో రాదు, నీడ కోసం వస్తుంది,
మా అందరిలాగే.
సరుకులకి డెబ్భై మైళ్ళు.
ఎవరు వెళ్తున్నా పోస్టాఫీసు తలుపు మీద రాసి వెళ్ళాలి.
గ్లెన్ ఓసారి చెప్పకుండా వెళ్ళి
ఐస్‌క్రీం తెచ్చుకుని ఒక్కడే తిన్నాడు.
తొమ్మిదేళ్ళయింది. ఇంకా చెప్పుకుంటున్నాం.

నక్షత్రాల మాట నేనెత్తను.
వాటిని చూసి కొన్నవాళ్ళు ఇద్దరున్నారు,
రెండో జూలై చూడలేదు.
రాత్రి నిశ్శబ్దం మొదట చెవిలో చీమలా పాకుతుంది,
ఫ్రిజ్ ఆగినప్పుడు లేచి కూర్చుంటావు
ఎవరో చెయ్యి వదిలేసినట్టు.
నేనైతే మొదటి నెలంతా
స్టేషన్లు లేనిచోట రేడియో గరగర పెట్టుకుని పడుకున్నాను.

ఒకటి మాత్రం ఉంది.
వానకంటే ముందు దాని వాసన వస్తుంది
ఈ జిడ్డుపొదల ఆకుల్లోంచి,
తారులో మందు కలిపినట్టు. నీకు నచ్చకపోవచ్చు.
అప్పుడు గొడవపడి మాటల్లేనివాళ్ళు కూడా
రోడ్డు మధ్యకొచ్చి పక్కపక్కన నిలబడతారు.
పదిసార్లలో తొమ్మిదిసార్లు పడదు.
లోపలికెళ్ళి ఎవరి తలుపు వాళ్ళు వేసుకుంటారు.

మీ ఆయన మీటరు చూస్తున్నాడు, చూడనీ.
నువ్వు ఇందాకట్నుంచీ ఆ బడివైపే చూస్తున్నావు.
మూసి పదకొండేళ్ళు.
చివరి పిల్ల డెసిరే. క్లాసుకి ఫస్టూ తనే, లాస్టూ తనే.
బడి బస్సులో ఇప్పుడు నా కోళ్ళుంటాయి.
ఆసుపత్రి తొంభై నాలుగు మైళ్ళు.
దానికి మేం ఎప్పుడో నీళ్ళొదులుకున్నాం,
ధారాళంగా వదిలిన నీళ్ళు అవొక్కటే.

చెయ్యి అక్కణ్ణుంచి తీయకమ్మా, నాకర్థమైంది.
ఇంత నీళ్ళు లేని ఊరికి
నీళ్ళోసుకుని వచ్చావు.
నవ్వుతావేం? నేను నవ్వడం లేదు.
ఇవన్నీ విని వెనక్కి తిరిగితే తప్పుపట్టను,
నీ వయసులో నేనైతే ఈపాటికి హైవే మీద ఉండేదాన్ని.
లూపేకి చెప్పనా, ఈసారి వంద గ్యాలన్లు ఎక్కువ తెమ్మని?
సరే, చెప్పను. ఎవరికీ చెప్పను.
చెప్తాను. సాయంత్రానికి ఊరంతటికీ తెలిసిపోతుంది.

ఇదిగో తాళంచెవి. తలుపు కొంచెం పైకెత్తి తోయాలి.
పంపు రాత్రిళ్ళు మూలుగుతుంది,
చెప్పుతో రెండు కొట్టు.