గోటితో కొడితే

రాత్రి పదకొండున్నరకి నెల్లిమర్లలో కరెంటు పోయినా
ఫోన్‌లో కత్తి వెలుగుతూనే ఉంది.
రెండడుగుల మూడంగుళాలు.
జపాన్‌ది. మూడొందల యాభై ఏళ్లదట.
అమ్మేవాడికి పేరు లేదు, నక్క బొమ్మ ఉంది.
నూటికి తొంభై ఏడుగురు సంతోషించారట.
మిగిలిన ముగ్గురే
నన్ను నిద్రపోనివ్వడం లేదు.

ధర లక్షా ఎనభై ఐదు వేలు.
జూట్ మిల్లు లాకౌటయ్యాక
నా చేతికొచ్చింది ఎంతో
ఈ ఇంట్లో ఫ్యానుకి కూడా తెలుసు.

ఇరవై ఆరేళ్లు మిల్లు వర్క్‌షాపులో టర్నర్ని.
అంతకుముందు కొలిమి తిత్తి లాగినవాణ్ణి.
మా నాన్న సింహాద్రాచారి
కాల్చిన కొడవలిని నీళ్లలో ముంచే ముందు
ఊపిరి బిగబట్టేవాడు.
దానిమ్మగింజ రంగుకి రావాలిరా,
గుమ్మడిపువ్వు రంగుకొచ్చిందా
ఇక అది మన మాట వినదు, అనేవాడు.

అందుకే తెరని వేళ్లతో సాగదీసి సాగదీసి
అంచు వెంబడి ఆ అలల గీతని చూస్తున్నాను.
మట్టి పూసి, కాల్చి, ముంచితే పడే గీత.
నిజమైనదైతే ఎక్కడో తడబడాలి.
నిప్పు మందగించిన చోట
కాస్త దారి తప్పాలి.
ఇది మరీ బుద్ధిగా ఉంది,
కాపీరైటింగ్ పుస్తకంలో రాసినట్టు.
యాసిడ్‌తో గీశారా?

పిడి ఊడదీసి ఫొటో పెట్టమన్నాను.
పెట్టాడు.
లోపలి తోకంతా తుప్పు.
దాన్ని తోమకూడదట, అదే దాని పుట్టుక కాగితమట.
పాత తుప్పు నల్లబెల్లంలా ఉంటుంది.
కొత్తది ఇటుక పొడి, వేలికంటుతుంది.
ఫొటోకి వేలు రాసి చూసుకున్నాను.
వేలే కనబడింది.

తుప్పులో ఏవో అక్షరాలు,
చేసినవాడి పేరు కావచ్చు.
నాన్న కొడవళ్లకి పేరు లేదు,
ఉలితో రెండు చుక్కలు, పక్కన గీత.
కొండవెలగాడ నుంచి గుర్ల దాకా
ఎవరి చూరులో దోపి ఉన్నా గుర్తుపడతాను.
వాటిని ఎవరూ అమ్మకానికి పెట్టరు.
అరిగి అరిగి చివరికి
కొబ్బరిపీచు తీయడానికి మిగులుతాయి.

లైసెన్సు మాటేమిటని అడిగితే
"అలంకారానికే కదా సార్" అన్నాడు నక్క.
అంత తొందరగా జవాబిచ్చేవాడికి
మా నాన్న అరువు పెట్టేవాడు కాదు.

వరహాలమ్మ ఒత్తిగిలి చూసింది.
"ఏటది?"
"కత్తి."
"మనింట్లో నేవా కత్తులు?"
"ఇది యేరు."
"సేపలు కొయ్యొచ్చా?"
"కొయ్యకూడదు. ముట్టుకోకూడదు. సెమటకి మరకడిపోద్ది."
"మరేటి సేత్తావు దాంతోటి?"

జవాబుంది. చెబితే నవ్వుతుంది.
ఆదివారం పొద్దున్న లవంగనూనె రాసి
కిటికీ దగ్గర వెలుగుకి పట్టుకుని
ముక్కూమొహం తెలియని ఒక కమ్మరి
ఎక్కడ ఊపిరి బిగబట్టాడో వెతుక్కుంటాను.

"పడుకో" అన్నాను.

తెర అడుగున చిన్న అక్షరాలు:
మరొకరు కూడా దీన్ని చూస్తున్నారు.
ఈ వేళప్పుడు ఎవరు బాబూ నువ్వు?
మీ మిల్లు కూడా మూసేశారా?

ఆఖరికి ఒక్కటే అడిగాను.
అంచుకి కాదు, వెన్నుకి
గోటితో ఒకసారి కొట్టండి,
ఆ చప్పుడు రికార్డు చేసి పంపండి.
మంచి ఉక్కు దూరం నుంచి ఎవరో
పిలిచి ఊరుకున్నట్టు మోగుతుంది.
లోపల పగులుంటే బొంగురుపోతుంది.

మూడు చుక్కలు కదిలాయి.
ఆగాయి.
మళ్లీ కదిలాయి.
"సార్, ఆఖరి మాట. లక్షా నలభై."

నేనడిగింది చప్పుడు.
నలభై ఐదు వేలు రాలిన చప్పుడు వినబడింది.
తుప్పు కన్నా దానికే ఎక్కువ భయమేసింది.
అయినా వద్దు అని రాయలేదు.
కొంటాను అనీ రాయలేదు.

కరెంటొచ్చింది.
వంటింట్లోకి వెళ్లి, గోడకి చేరేసిన
నాన్న కత్తిపీటని పడుకోబెట్టి
వెన్ను మీద గోటితో కొట్టాను.

"ఎవులది?" అంది వరహాలమ్మ,
నిద్రలోంచే.